ఊరికే ఉన్న ఆరు నిమిషాలు

వరప్రసాదరావుగారు చాలా ప్రశాంతంగా చనిపోయారు. పోలీసులకి అనుమానం వచ్చింది కూడా అందుకే.

నందిగామ దగ్గరి కీసరలో, హైవేకి నాలుగు వీధుల అవతల, సొంత ఇంటి వరండాలో పడక కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నారాయన. వయసు అరవై ఎనిమిది. ముఖంలో భయం లేదు, నొప్పి లేదు. ఎడమ మోచేతి మడతలో ఆవగింజంత సూది గుర్తు ఉంది. జుట్టులో మాత్రం ముప్పై రెండు చోట్ల, ఎవరో స్కేలు పెట్టి కొలిచినట్టు, ఎండిన తెల్లటి జిగురు మచ్చలున్నాయి.

ఏజెంట్ ఉపేంద్ర వంగి ఆ మచ్చల్ని లెక్కపెట్టాడు. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు. అతనికి ఏమీ అనిపించలేదు.

రెండేళ్ళుగా అతనికి ఏమీ అనిపించడం లేదు. ఒక ఆపరేషన్‌లో అతని పార్ట్‌నర్ నరేంద్ర కారులో పక్క సీట్లో కూర్చుని ఏదో జోకు చెబుతూ, జోకు సగంలో ఉండగా తూటా తగిలి పోయాడు. కబురు చెప్పడానికి ఉపేంద్రే వాళ్ళింటికి వెళ్ళాడు. నరేంద్ర భార్య ఉషశ్రీ, సంగతేమిటో తెలియక, ముందు కాఫీ ఇచ్చింది. తాగాడు. పంచదార తక్కువైందనుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు. ఆమె గోడకి ఆనుకుని కూలబడిపోతుంటే కూడా అతని బుర్రలో ఆ పంచదార సంగతే తిరిగింది. అప్పటినుంచి లోపల ఎవరో ఫ్యూజు పీకేసినట్టుంది. బాధ లేదు. బాధ లేదే అన్న దిగులు కూడా లేదు.

ఆ ఆదివారం తెల్లారి హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో మోటారు స్విచ్ వేసి, బ్రష్ నోట్లో పెట్టుకోగానే చీఫ్ నుంచి ఫోనొచ్చింది. “కీసర. వెంటనే.” పది నిమిషాల్లో కారెక్కాడు. పోయిందెవరని కూడా అడగలేదు.

చీఫ్ పేరు అహల్య. యాభై ఆరేళ్ళు, నేత చీర, హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక టిఫిన్ బాక్సు, ఒక శాటిలైట్ ఫోను. ఆవిడ మీటింగులు ఆఫీసులో పెట్టదు. పరిటాలలో ఆంజనేయస్వామి విగ్రహం నీడ పడేచోట కారు ఆపి, అద్దాలెత్తి, బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

“టైమ్ ఆఫ్ డెత్?”

“నిన్న సాయంత్రం నాలుగూ అయిదూ మధ్య. ఇంజెక్షన్.”

“తలలో జిగురు?”

“ఈఈజీ క్యాప్‌కి రాసే జెల్ మేడమ్. మెదడు రికార్డింగ్ తీసుకున్నారు. తీసుకున్నాక చంపారు.”

“కరెక్ట్. ఇప్పుడు విను. మనిషి కళ్ళు మూసుకుని ఊరికే కూర్చున్నా, మెదడు ఊరికే కూర్చోదు. లోపల నెమ్మదిగా అలలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతూనే ఉంటాయి. ముందు ఏ చోటు, తర్వాత ఏ చోటు, మధ్యలో ఎంత గ్యాప్... ఆ గ్యాప్ సెకను కూడా ఉండదనుకో. కానీ ఆ టైమింగ్‌కి ఒక వరస ఉంది. మనిషికో వరస.”

“వేలిముద్రలాగా.”

“వేలిముద్రయితే వేలు నరికి పట్టుకుపోవచ్చు. ఇది అలా కుదరదు. మనిషి భయపడితే వరస చెదిరిపోతుంది. నిద్రపోయినా మారిపోతుంది. ఎక్కాలు అప్పజెప్పమన్నా మారిపోతుంది. మెలకువగా, హాయిగా, ఊరికే ఉండాలి. ఆరు నిమిషాలు. తూర్పు తీరం రాడార్ కోడ్స్ అన్నీ ఉన్న వాల్ట్‌కి మనవాళ్ళు పెట్టిన తాళం అది.”

“తాళంచెవి వరప్రసాదరావు.”

“ఇద్దరున్నారు. పదిహేనేళ్ళ కిందట ల్యాబ్‌లో నాలుగొందల మందిని టెస్ట్ చేశారు. సైంటిస్టులందరూ ఫెయిల్. రెండు నిమిషాలు ఆలోచించకుండా ఉండలేకపోయారు. పాసయింది ఇద్దరే ఇద్దరు, స్టోర్స్ సెక్షన్ గుమస్తాలు. ఒకే గది, ఎదురెదురు కుర్చీలు. ఊరికే కూర్చోవడంలో దేశం మొత్తానికి ఫస్టూ సెకండూ వాళ్ళే. ఒకాయనది కీసర, ఒకాయనది నందిగామ.”

“ఆ సంగతి వాళ్ళకి తెలుసా?”

“తెలిస్తే ఊరికే కూర్చోగలరా?”

ఉపేంద్ర తలూపాడు. అహల్య టిఫిన్ బాక్సు తీసి ఒక ఇడ్లీ అతని చేతిలో పెట్టింది. తిన్నాడు.

“రెండూ కలిస్తేనే తాళం తెరుచుకుంటుంది. ఒకటి వాళ్ళ చేతికి పోయింది. తాళం మార్చడానికి మాత్రం మిగిలిన ఒక్కరూ చాలు. రెండో ఆయన పేరు రామబ్రహ్మం. ఎల్లుండి బుధ... కాదు, అవతలెల్లుండి బుధవారం మన టీమ్ వస్తుంది. రిటైరైన వాళ్ళకి హెల్త్ చెకప్ అని చెప్పి, ఆయన్ని కూర్చోబెట్టి తాళం మార్చేస్తారు. అప్పటిదాకా ఆయన బతికుండాలి. ప్రశాంతంగా కూడా ఉండాలి. గుమ్మంలో పోలీసుల్ని పెట్టావో, ఆయన బెంబేలెత్తిపోతాడు, మన తాళం మనమే మార్చుకోలేం. వాళ్ళ చేతికి ఆ ఆరు నిమిషాలు దొరికాయంటే మాత్రం వరప్రసాదరావుకి పట్టిన గతే.”

ముఠా పేరు మెరీడియన్. విదేశీ బాపతు. ఇక్కడి హెడ్ తన పేరు థామస్ అని చెప్పుకుంటున్నాడు, అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో. జగ్గయ్యపేటలో ఒక వెల్‌నెస్ స్టూడియో తెరిచారు. లోపల మన మనిషి ఒకతె ఉంది. పేరు లాస్య.

“డబుల్ ఏజెంటా?”

“మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువ అన్నది నెలకోసారి మారుతుంటుంది. ఇదిగో కోడ్.”

కాగితం మీద నాలుగు లైన్లున్నాయి. ఏం పనిమీదొచ్చారు? ఊరికే. ఊరికే ఎవరొస్తారు? ఊరికొచ్చా కాబట్టి ఊరికే.

“ఇదెవరు రాశారు మేడమ్?”

“ఢిల్లీలో ఎవరో, డిక్షనరీ ముందేసుకుని. ఈ మాట ఎవరూ పెద్దగా వాడరనుకున్నారట.”

చివరికి ఒక వాచీ ఇచ్చింది. బటన్ నొక్కితే చుట్టూ మూడు మీటర్లలో ఏ రికార్డింగ్ అయినా పాడైపోతుంది. అంతకు మించి ఒక్క అంగుళం కూడా పనిచేయదు. బడ్జెట్ అంతే.

మధ్యాహ్నానికి నందిగామలో దిగాడు. ఏప్రిల్ ఎండ నెత్తిమీద పేలిపోతోంది. టీ కొట్టు దగ్గర నిలబడితే కొట్టతను గ్లాసు అందిస్తూ, “ఊళ్ళోకి కొత్తలా ఉన్నారు. ఏం పనిమీదొచ్చారండీ?” అన్నాడు.

ఉపేంద్ర చెయ్యి ఆగింది. “ఊరికే.”

“ఊరికే ఎవరొస్తారండీ బాబూ ఈ ఎండల్లో?”

నాలుగో లైను ఉపేంద్ర నోటిదాకా వచ్చింది. కొట్టతను అప్పటికే పక్కవాడికి బిస్కెట్లిస్తూ అతన్నీ అదే ప్రశ్న అడిగాడు. ఆ పక్కవాడు కూడా “ఊరికే” అన్నాడు. పావుగంటలో ముగ్గురు అదే మాటన్నారు. ఢిల్లీవాళ్ళ లెక్కన నందిగామ సెంటరంతా గూఢచారులే.

రామబ్రహ్మంగారి ఇల్లు రెండు వీధుల లోపల ఉంది. మున్సిపాలిటీ నుంచి ఇళ్ళ సర్వేకి వచ్చానని ఉపేంద్ర అట్ట మీద కాగితాలు పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. డెబ్భై ఒక్కేళ్ళ పెద్దమనిషి, ఎత్తు తక్కువ, తెల్ల బనీను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, “ఎవరూ గట్టిగా అడగలేదండి, నేనూ ఊరుకున్నా,” అన్నాడు. కుర్చీలో కూర్చున్నాడంటే కుర్చీకీ ఆయనకీ తేడా తెలియదు. కావాలనే ఉపేంద్ర పది నిమిషాలు కాగితాలు రాస్తూ మాట్లాడకుండా ఉండిపోయాడు. ఆయన విసుక్కోలేదు, దగ్గలేదు, కాలు ఊపలేదు. గోడ వైపు చూస్తూ హాయిగా కూర్చున్నాడు.

తర్వాత తనే లేచి కాఫీ కలిపి తెచ్చాడు. “పంచదార సరిపోయిందా?”

“సరిపోయిందండి.”

“మొహమాటపడకండి. తక్కువైతే చెప్పండి, వేసిస్తా.”

ఉపేంద్ర గ్లాసు వైపు చూశాడు. ఏదో అనిపించాల్సిన చోటు ఇది. ఏమీ అనిపించలేదు. తాగేశాడు.

అప్పుడే గోడ అవతల నుంచి ఒక గొంతు వచ్చింది. “రామబ్రహ్మంగారో! మోటారూ! మళ్ళీ పొంగుతోంది! నా వడియాల మీద పడుతున్నాయ్ నీళ్ళు!”

ఆ పెద్దమనిషి తుళ్ళిపడ్డ తీరు చూసి ఉపేంద్ర గ్లాసు కింద పెట్టాడు. ఆయన పంచె కూడా సవరించుకోకుండా పరుగెత్తి స్విచ్ కట్టేశాడు. తిరిగొచ్చి కూర్చున్నాక కూడా గోడ అవతలికే చెవి పెట్టి ఉన్నాడు.

“పక్కింటి బసవమ్మగారండి,” అన్నాడు గొంతు తగ్గించి. “మా ట్యాంకు పొంగితే నీళ్ళు పోయి వాళ్ళ డాబా మీద పడతాయ్. ఏడాదికి సరిపడా వడియాలు పెడుతుంది ఆవిడ. ఇవాళ్టితో రెండుసార్లయింది. మూడోసారయితే ఊరుకోనంది.”

“ఏం చేస్తారు?”

“ఏమోనండి. చెప్పలేదు. అదే నా భయం.”

సోమవారం ఉపేంద్ర పత్తి వ్యాపారి వేషంలో జగ్గయ్యపేట వెళ్ళాడు. మెయిన్ రోడ్డులో నూనె దుకాణాల పైన మొదటి అంతస్తులో ఉంది స్టూడియో. గుమ్మం దగ్గర బుట్టలో రబ్బరు బ్యాండ్లున్నాయి. చేతికి కట్టుకుంటే నాడి చూసి దీపం వెలుగుతుంది. పచ్చ వెలిగితేనే గాజు తలుపు తెరుచుకుంటుంది, ఎరుపయితే లేదు. పక్కన బోర్డు: ‘మీ ఆందోళనను బయటే వదిలి రండి.’ దొంగ ముఠాకి ఇంతకంటే మంచి కాపలా ఉండదు. తుపాకీతో వచ్చేవాడి గుండె ఎలాగూ గబగబా కొట్టుకుంటుంది.

ఉపేంద్ర బ్యాండ్ కట్టుకున్నాడు. పచ్చ. తలుపు తెరుచుకుంది.

లోపల లాస్య ఉంది. ముప్పై రెండేళ్ళుంటాయేమో. నల్ల కుర్తా, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఆ ఊళ్ళో ఎవరూ వాడని సెంటు. లండన్‌లో పుట్టి పెరిగింది, తెలుగు అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది.

“ఏం పనిమీదొచ్చారు?”

“ఊరికే.”

“ఊరికే ఎవరొస్తారు?”

“ఊరికొచ్చా కాబట్టి ఊరికే.”

“హమ్మయ్య,” అంది. “పొద్దుట్నుంచి ఏడుగురు రెండో లైను దాకా వచ్చి ఆగిపోయారు.”

అనుమానం రాకుండా అతన్ని కస్టమర్‌లాగే కుర్చీలో పడుకోబెట్టి, నెత్తికి క్యాప్ తొడిగి ఆరు నిమిషాల రికార్డింగ్ తీసింది. తీస్తూనే గుసగుసగా చెప్పింది. రామబ్రహ్మం ఇప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. ఫ్రీగా ఏసీలో పడుకోమంటే ఎండల్లో ఎవరు కాదంటారు? అసలు రికార్డింగ్ బుధవారం మధ్యాహ్నం.

“రేపు?”

“రేపేం లేదు. పొద్దున్నే కటింగ్ షాపుకెళ్తానన్నాడు. మీరు కూడా రెస్ట్ తీసుకోండి.” ఆమె స్క్రీన్ వైపు చూసి ఆగింది. “మీది చాలా వింతగా ఉంది ఉపేంద్రగారూ. అందరికీ ఇక్కడ మొదలైన అల అర సెకనులో అక్కడికి చేరుతుంది. మీకు చేరుతోంది గానీ, అన్నీ లేటే. కొన్ని దారిలోనే ఆగిపోతున్నాయి. మీకేమైనా జరిగిందా?”

“లేదు,” అన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు. ఏదో జరిగినట్టు అతనికి అనిపించడమే మానేసింది. డ్యూటీ అయ్యేదాకా ఉంచుకోమని ఆమె బ్యాండ్ అతని చేతికే వదిలేసింది.

మంగళవారం ఉదయం తొమ్మిదికి నందిగామలో కటింగ్ షాపు ఎదురుగా నిలబడ్డాడు. లాస్య రెస్ట్ తీసుకోమన్నా, దూరం నుంచి ఒక కన్నేసి ఉంచుదామని. షాపు షట్టరు మూసి ఉంది. పక్క షాపు కూడా. సందు చివరి షాపు కూడా. షట్టరు మీద పెయింటు వెలిసిన అక్షరాలు ఉన్నాయి: ‘మంగళవారం సెలవు.’

ఉపేంద్ర ఆ అక్షరాల వైపు చూస్తూ నిలబడిపోయాడు. అతను పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, వత్సవాయిలో. మంగళవారం నాడు గడ్డం గీసుకున్నందుకు చిన్నప్పుడు బాబాయిని నాయనమ్మ ఎన్ని తిట్లు తిట్టిందో విన్నవాడు. ఈ చుట్టుపక్కల ఏ పెద్దమనిషీ మంగళవారం కత్తెర కింద తల పెట్టడు, పెడదామన్నా షాపుండదు. లాస్యకి అమ్మమ్మ తెలుగు నేర్పింది గానీ వారాల సంగతి చెప్పలేదు. ఆ అబద్ధం నిన్ననే పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. బుర్రకి ఏదీ తగలడం లేదు మరి.

రామబ్రహ్మంగారి ఇంటికి పరుగెత్తాడు. తాళం వేసి ఉంది. ట్యాంకు పొంగి పొర్లి, నీళ్ళు ధారగా గోడ దాటి పక్క డాబా మీద పడుతున్నాయి. డాబా మీద బసవమ్మ, అరవై ఏళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, తడిసి ముద్దయిన గుమ్మడి వడియాల మధ్య నిలబడి ఉంది.

“ఎక్కడికెళ్ళారండీ ఆయన?”

“ఎవత్తో నల్ల కళ్ళద్దాల పిల్ల, ఎర్ర కార్లో వచ్చి ఎక్కించుకుపోయింది, అరగంటయింది. మోటారేసి మర్చిపోయి కారెక్కాడయ్యా! రానీ, ఇవాళ నా చేతిలో అయిపోయాడే ఆయన!”

ఆమెకంటే ముందు ఇంకొకరు ఆ పని చేసేలా ఉన్నారని ఉపేంద్ర చెప్పలేదు. కారు హైవే ఎక్కించి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

“లాస్య ఈ నెల వాళ్ళ వైపు మేడమ్. రికార్డింగ్ ఇవాళే.”

“టీమ్ రావడానికి గంట పడుతుంది.”

“అంత టైమ్ లేదు.”

“నువ్వొక్కడివే వెళ్తావా? భయం...” అని ఆగింది అహల్య. “సారీ. అలవాటుగా అడిగా.”

జగ్గయ్యపేటలో మెట్లెక్కి గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడ్డాడు. చొక్కా కింద పిస్టల్ ఉంది. బ్యాండ్ పచ్చగా వెలిగింది. తలుపు తెరుచుకుంది. లోపల తెర చాటు నుంచి ఇంకో పిస్టల్ అతని కణతకి ఆనింది. అతని పిస్టల్‌ని అదే మనిషి రెండో చెయ్యి లాగేసుకుంది.

“వెల్‌కమ్,” అన్నాడు థామస్. పొడుగ్గా, పాలిపోయిన మనిషి, ఇస్త్రీ నలగని కోటు. తెలుగు రాదు, మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే. అతను ముందు చూసింది ఉపేంద్ర ముఖం కాదు, బ్యాండ్. “ఇంకా పచ్చగానే ఉందే! నిన్న నీ రికార్డింగ్ చూశాను. లోపల ఎవరూ కాపురం ఉంటున్నట్టు లేరు.”

గాజు గోడ అవతల గదిలో, ఎనిమిది మీటర్ల దూరంలో, రామబ్రహ్మంగారు వాలు కుర్చీలో పడుకుని ఉన్నారు. నెత్తిన క్యాప్, కళ్ళకి గంతలు, చెవులకి బయటి చప్పుడు వినపడనివ్వని పెద్ద హెడ్‌ఫోన్లు. విటమిన్ సెలైన్ అని చెప్పి చేతికి ఒక ట్యూబు పెట్టారు. ట్యూబు చివర సిరంజి పంపు. పైన స్క్రీన్ మీద అంకెలు తిరుగుతున్నాయి. నాలుగు నిమిషాల పది సెకన్లు.

ఉపేంద్ర వాచీ బటన్ నొక్కాడు. ఎనిమిది మీటర్లకి అది వాచీయే.

“ఆరు నిమిషాలవగానే పంపు దానంతటదే నడుస్తుంది,” అన్నాడు థామస్. “ఆయనకి ఏమీ తెలియదు. వరప్రసాదరావుకీ తెలియలేదు. మేము క్రూరులం కాదు.”

మైకు ముందు లాస్య కూర్చుని ఉంది. ఉపేంద్ర వైపు చూడలేదు. బటన్ నొక్కి, తేనె పూసిన గొంతుతో, “ఊరికే ఉండండి అంకుల్. ఏమీ ఆలోచించకండి,” అంది. వదిలేసి స్క్రీన్ చూసి కంగారుపడింది. “థామస్, స్లో అవుతోంది. నిద్రలోకి జారుతున్నాడు.”

“నిద్రపోతే మొత్తం వేస్ట్! లేపు. భయపెట్టకుండా లేపు.”

“అంకుల్... నిద్రపోకండి అంకుల్...” ఆ గొంతుకి మెలకువగా ఉన్నవాళ్ళకి కూడా నిద్రొచ్చేలా ఉంది. స్క్రీన్ మీద గీతలు ఇంకా సాగిపోయాయి. అయిదు నిమిషాల రెండు సెకన్లు.

ఉపేంద్రకి ఆ క్షణంలో వీరావేశం రాలేదు. దేశం గుర్తు రాలేదు. పంచదార సరిపోయిందా అని రెండుసార్లు అడిగిన మనిషి అక్కడ పడుకుని ఉన్నాడు, యాభై ఎనిమిది సెకన్లలో పోతాడు. ఆ సంగతి అతని బుర్రలో పొడిగా, ఒక వార్తలా ఉంది. చేయాల్సిన పని మాత్రం తెలిసింది.

“నేను లేపుతా,” అన్నాడు.

“నువ్వెందుకు లేపుతావు?”

“నన్ను వదిలెయ్యి, లేపుతా. ఆయనకి నా గొంతు తెలుసు. మొన్న గంటసేపు కూర్చుని మాట్లాడాం. ఆయన పోతే నాకేం, ఉంటే నాకేం? నా రికార్డింగ్ నువ్వే చూశావుగా.”

థామస్ బ్యాండ్ వైపు చూశాడు. పచ్చ. రెప్పవాల్చకుండా చూశాడు. పచ్చే. గుండె ఒక్క పిసరు తొందరపడకుండా అబద్ధం చెప్పే మనిషి ఉంటాడని అతని చదువులో లేదు. నిజం చెప్పాలంటే అది అబద్ధమో కాదో ఉపేంద్రకే తెలియదు.

“ఒక్క వాక్యం. నెమ్మదిగా,” అన్నాడు థామస్. “లాస్యా, తేడా మాట వస్తే బటన్ వదిలెయ్.”

అయిదు నిమిషాల నలభై మూడు సెకన్లు. లాస్య మైకు బటన్ నొక్కి అతని వైపు తిప్పింది. ఉపేంద్ర వంగి, పొరుగింటివాడు గోడ మీంచి పలకరించినట్టు అడిగాడు.

“రామబ్రహ్మంగారూ, మోటారు కట్టేసొచ్చారా?”

లాస్య బటన్ వదల్లేదు. మోటారు అన్న మాట ఏ కోడ్ లిస్టులో ఉందా అని ఆలోచిస్తూ ఉండిపోయింది.

గాజు అవతల ఒక్క సెకను ఏమీ జరగలేదు. ఆ తర్వాత కుర్చీ మొత్తం ఎగిరిపడింది.

“ఓరి నాయనో! కట్టలేదూ!”

హెడ్‌ఫోన్లు ఒక వైపు, గంతలు ఒక వైపు పోయాయి. క్యాప్ ముప్పై రెండు తీగలతో సహా ఊడొచ్చింది. చేతి ట్యూబు తెగి ఊగింది. స్క్రీన్ మీద అప్పటిదాకా వరసగా నడిచిన గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చిందరవందరయ్యాయి. థామస్ అరుస్తూ స్క్రీన్ వైపు తిరిగాడు. ఉపేంద్రకి కావాల్సింది ఆ ఒక్క తిరుగుడే. మణికట్టు పట్టుకుని మెలితిప్పి, మోకాలితో డొక్కలో పొడిచాడు. పిస్టల్ నేల మీద జారి లాస్య కాళ్ళ దగ్గర ఆగింది.

ఆమె దాన్ని చూసింది. కింద పడ్డ థామస్‌ని చూసింది. ఇలాంటి లెక్కలు ఆమె చాలా త్వరగా తేల్చుకుంటుంది. కాలితో తన్ని ఉపేంద్ర వైపు పంపింది. “నేను మీ వైపే అని రిపోర్టులో రాయండి.”

“ఎప్పటినుంచి?”

“ఇప్పట్నుంచే.”

ఆరు నిమిషాలు పూర్తయ్యాయి. పంపు తన పని తను చేసుకుపోయింది. మందు ట్యూబులోంచి బొట్లు బొట్లుగా టైల్స్ మీద కారింది.

గాజు తలుపు తోసుకుని రామబ్రహ్మంగారు బయటికి వచ్చారు. జుట్టునిండా జెల్, చేతి మీద చిన్న నెత్తుటి చారిక. నేల మీద బోర్లా పడి ఉన్న విదేశీయుణ్ణి గానీ, రెండు పిస్టళ్ళని గానీ ఆయన పట్టించుకోలేదు.

“సర్వే బాబూ, మీ ఫోనోసారి ఇస్తారా? బసవమ్మగారికి చెయ్యాలి.”

“వడియాలు తడిశాయండి,” అన్నాడు ఉపేంద్ర. “చూసే వచ్చా.”

ఆయన దగ్గర ఉన్న కుర్చీలో కూలబడ్డారు. “మూడోసారి,” అన్నారు.

గంటకి అహల్య టీమ్‌తో వచ్చింది. థామస్‌ని ఎక్కించారు, లాస్యని ఎక్కించారు. జీపెక్కుతూ లాస్య వెనక్కి తిరిగింది. “ఉపేంద్రగారూ, ఇంతకీ మోటారంటే ఏం కోడ్?”

“వత్సవాయిలో ఎవర్నడిగినా చెప్తారు.”

అహల్య వెళ్ళి బసవమ్మతో గోడ దగ్గర నిలబడి పావుగంట మాట్లాడింది. ఏం చెప్పిందో తెలియదు గానీ, మూడో తప్పు ప్రభుత్వం ఖాతాలో పడింది. అప్పుడు గానీ రామబ్రహ్మంగారి గుండె కుదుటపడలేదు. మర్నాడు హెల్త్ చెకప్ అని కూర్చోబెడితే, ఆయన గోడ వైపు చూస్తూ ఆరు నిమిషాలు ఊరికే కూర్చున్నారు. తాళం మారిపోయింది. ట్యాంకు నిండగానే దానంతటదే ఆగిపోయే స్విచ్ ఒకటి రక్షణ శాఖ ఖర్చుతో ఆయన ఇంటికి బిగించారు. ఫైల్లో దాన్ని జాతీయ భద్రత కింద రాశారు.

బుధవారం మధ్యాహ్నం ఉపేంద్ర హైదరాబాద్ బయల్దేరాడు. అహల్య భుజం తట్టి, “బాగా చేశావ్,” అంది. అతనికి ఏమీ అనిపించలేదు. ఏసీ వేసుకున్నాడు. జగ్గయ్యపేట దాటింది. రోడ్డు పక్కన ఎవరో మిరపకాయల బస్తాలు లారీకి ఎక్కిస్తున్నారు. రామబ్రహ్మంగారి తుళ్ళిపాటు ఒకసారి గుర్తొచ్చింది. ఆయన స్విచ్ దగ్గరికి పరుగెత్తడం. స్విచ్. తెల్ల స్విచ్. బ్రష్ నోట్లో పెట్టుకోగానే...

గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర కారు సడన్‌గా పక్కకి ఆగింది. వెనక లారీవాడు హారన్ మోగించి ఏదో తిట్టి పోయాడు.

ఆదివారం పొద్దున. మోటారు వేశాడు. ఫోనొచ్చింది. కారెక్కాడు. కట్టాడా?

అరచేతులు చెమటపట్టాయి. చెవుల్లో చప్పుడు. ఇదేమిటో మొదట అర్థం కాలేదు. తర్వాత చూసుకుంటే, విప్పడం మర్చిపోయిన బ్యాండ్ మణికట్టు మీద ఎర్రగా వెలుగుతోంది. దాన్ని చూస్తుంటే, ఎందుకో, నరేంద్ర సగంలో ఆపేసిన జోకు గుర్తొచ్చింది. ఆ సగం కూడా బావుంది. కళ్ళు మసకబారాయి. కాసేపు స్టీరింగ్ మీద తల ఆన్చి కూర్చున్నాడు.

తర్వాత ముఖం తుడుచుకుని, హైదరాబాద్‌లో కింది వాటాలో ఉండే భవానీప్రసాద్‌కి ఫోన్ చేశాడు.

“భవానీప్రసాద్‌గారూ, నేను, పైవాటా ఉపేంద్రని. ఆదివారం మా మోటారు...”

“ఆరోజే నేను కట్టేశానండీ. అరగంటసేపు పొంగింది. ఏంటి సార్, గుర్తు రావడానికి మూడ్రోజులు పట్టిందా?”

“రెండేళ్ళు పట్టింది,” అన్నాడు ఉపేంద్ర.

“ఆఁ?”

“ఏం లేదండీ. ఊరికే అన్నా.”